మూడు చెంబుల గంజి

మొన్న మల్కాపురం వెళ్లాను. మా బాబాయి కొడుకు ఫోను మీద ఫోను చేసి రమ్మంటే, వాడి మొహం చూసి చాలా రోజులైంది కదా అని వెళ్లాను. చూడకపోయినా నష్టం ఉండేది కాదు.

రోడ్డు వారగా షామియానా వేశారు. రిలే నిరాహార దీక్షట. కూర్చున్న అయిదుగురి మొహాల్లోనూ ఆకలన్నది మచ్చుకైనా లేదు. ఉండదు మరి. తొమ్మిదిన్నరకి ఎదుటి హోటల్లో ఉప్మా పెసరట్టు లాగించి, పదింటికి దండలు వేయించుకుంటారు. సాయంత్రం అయిదింటికి ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగిస్తాడు. ఈ మధ్యలో కష్టం తెలియకుండా పరుపులు, దిళ్లు, రెండు కూలర్లు. మా నాయనమ్మ కార్తీక సోమవారం ఉపవాసం ఇంతకంటే పెద్దది. అదీ ఇంటెడు చాకిరీ చేస్తూ చేసేది.

వాళ్ల వెనకాల ఫ్లెక్సీ మీద మా చిన్ననాటి బొగ్గు మేస్త్రి బొమ్మ. ఆయన విగ్రహం జంక్షన్లో పెట్టించాలని ఈ దీక్ష. బొమ్మ చూసి ముందు ఎవరో అనుకున్నాను. జన్మలో కోటు తొడగని మనిషికి కోటు తొడిగారు. బొగ్గు యార్డులో ఎండిన మనిషిని పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు తెల్లగా చేశారు. అంతటితో ఊరుకున్నారా? ఆయన పక్కనే ఇంకో బొమ్మ. మా నాన్నది. కింద 'దీక్షకు అండగా నిలిచిన మహనీయుడు' అని రాసి ఉంది.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

"ఏవిట్రా ఇది?" అన్నాను బాబాయి కొడుకుతో.

"ఏటక్కా అలగంటావు? మేస్త్రిగారు దీక్ష సేసినపుడు మనింటి నుంచే కదా నీళ్లెల్లాయి? నువ్వే కదా పోసావు? అయిదింటికి మైకులో ఆ ముక్క సెప్పెయ్. టీవీ వోళ్లొస్తన్నారు. వచ్చే ఎలక్షన్లో వార్డు మనదే."

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా! మేస్త్రి పోయిన రోజున మా వీధిలోంచి ఒక్క మనిషి కదిలిన పాపాన పోలేదు. వీడి తండ్రి ఆ పూట పనసపొట్టు కూర బాగా కుదిరిందని రెండోసారి వడ్డించుకున్నాడు. నాకు బాగా గుర్తు, పక్కనే కూర్చుని తిన్నాను కాబట్టి.

అయిదింటికి ఇంకా రెండు గంటలుంది. నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్చుని, ఆ ఫ్లెక్సీ మీద మా నాన్న నవ్వు చూస్తూ ఉంటే అంతా వరసగా గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు ఈ వీధి ఇలా లేదు. వారగా రెండు వరసల పెంకుటిళ్లు. గాలి హార్బరు వైపు నుంచి వీస్తే బొగ్గు వాసన, ఎండుచేపల వాసన. ఇటు తిరిగితే ఆయిలు కంపెనీ వాసన. దండెం మీద ఆరేసిన బట్ట మీద సాయంత్రానికి ఆవాలు చల్లినట్టు నల్లటి నలుసులుండేవి. అలాంటి ఊళ్లో మా నాన్నకి మల్లెపువ్వులాంటి పంచె కావాలి. అది కూడా గంజి పెట్టి, అట్టలా నిలబడాలి. అందుకని మా ఇంట్లో అన్నం వార్చిన గంజి ఒక్క చుక్క పారబోసేవాళ్లు కాదు. వంటింటి మూల ఒక మట్టిదాకలో పోసి మూత పెట్టేవాళ్లు. మాకు పథ్యానికి కూడా అందులోంచి ముట్టనిచ్చేవారు కాదు.

మా నాన్న పోర్టులో బస్తాలు లెక్క రాసే గుమాస్తా. గోదావరి జిల్లాలో మాకున్నది ఒక పూరిపాక, రెండు గేదెలు, అందులో ఒకటి వట్టిపోయింది. రైలెక్కి ఇక్కడికి దిగేసరికి జమీందార్లమైపోయాం. సాయంత్రం అరుగు మీద కూర్చుని, "మా వైపు అయితేనా" అని మొదలెట్టేవాడు. చుట్టూ కూర్చున్న వాళ్లందరూ అలా దిగినవాళ్లే. అందరి పొలాలూ గోదావరికి అవతలి గట్టునే ఉండేవి, ఎవరూ చూసింది లేదు.

వీధి చివర ఒక్కటే కుళాయి. మునిసిపాలిటీది. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్లొచ్చేవి. మాకు వెనకాల, బొగ్గు యార్డు గోడకి అవతల, యార్డులో బొగ్గు మోసేవాళ్ల లైను ఉండేది. వాళ్లకి కుళాయి లేదు. ఈ కుళాయి ముట్టుకోకూడదు. వాళ్ల ఆడవాళ్లు బిందెలు దూరంగా వరసగా పెట్టి నిలబడేవారు. మాలో ఎవరైనా తమ బిందె నింపుకుని తీసుకెళ్లి వాళ్ల బిందెలో పైనుంచి పోస్తే, అవే నీళ్లు. "అమ్మా, నీళ్లు పొయ్యండమ్మా" అని ఆ గంటసేపూ పిలుస్తూనే ఉండేవారు. మా అమ్మకి జాలిగుండె అని వీధిలో పేరు. రోజుకి రెండు బిందెలు పోసేది. మూడోది అడిగితే విసుక్కునేది.

మేస్త్రి ఆ లైనులో మనిషి. బొగ్గు దింపే ఒక గ్యాంగుకి పెద్ద. పొడుగ్గా, బక్కగా, ఖాకీ చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉండేవాడు. లైనువాళ్లు మా అరుగుల ముందు నుంచి వెళ్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలని మా వీధి రివాజు. ఆయన చెప్పులే కొనుక్కోవడం మానేశాడు. "కాళ్లకి ఏవీ నేకపోతే ఇప్పక్కర్నేదు గదా" అన్నాడట. ఇది విని అరుగు మీద వాళ్లకి వారం రోజులు అన్నం సయించలేదు.

గోడ మీద సీమచింతచెట్టు వాలి ఉండేది. కాయల కోసం మేం పిల్లలం గోడెక్కితే వాళ్ల వాకిలి కనిపించేది. ఆదివారం సాయంత్రాలు అక్కడ ఒక వింత బడి జరిగేది. మేస్త్రి మేనల్లుడు భుజం మీద తువ్వాలు వేసుకుని, పొట్ట ముందుకు తోసి, పెద్దమనిషిలా నడిచొచ్చేవాడు. మిగతావాళ్లు చేతులు కట్టుకుని వరసగా కూర్చునేవాళ్లు. వాడు ఒక్కొక్కళ్ల ముందూ ఆగి నోటికొచ్చిన బూతు తిట్టేవాడు. "ఏవిటర్రా, కాళ్లొచ్చాయా మీకు?" అని అచ్చం మా వాళ్ల యాస దించేవాడు. తర్వాత చెంబుడు నీళ్లు మొహాన కొట్టేవాడు. కూర్చున్నవాళ్లు కదలకూడదు. తిట్టు తిరిగి తిట్టకూడదు, చెయ్యెత్తకూడదు.

ఒకసారి ఎవరో ఫక్కున నవ్వారు. మేస్త్రి లేచాడు.

"నవ్వు కూడా ఒద్దు. నవ్వితే ఆలకి ఇంకా కోపమొస్తాది. అపుడు మనోల్లలో ఎవుడో సెయ్యెత్తుతాడు. అది సాలు, పోలీసోలు రాడానికి."

ఇంకో కుర్రవాడు పిడికిలి బిగించాడని కనిపెట్టి, "నువ్వు నాతో రావొద్దు. ఇంకో నెల ఇక్కడే తిట్లు తిను" అని వెనక్కి పంపేశాడు.

మాకు ఆ అహింస ఏం తెలుసు? మేం వెళ్లింది బూతులు నేర్చుకోడానికి. నేను నేర్చుకున్న వాటిలో ఒకటి ఇంట్లో తమ్ముడి మీద ప్రయోగించాను. మా నాన్న చెంప పగలగొట్టి, "ఎక్కడ నేర్చుకున్నావే ఈ లేకి మాటలు?" అన్నాడు. నిజానికి అవి ఆయనవే. మేనల్లుడు మా అరుగు ముందు విని కంఠతా పట్టినవి. నాయనమ్మ వంటింట్లోంచి, "పిల్లని కొడతావేఁరా, నీ నోటి ముత్యాలే కదా" అంది. ఆ ఇంట్లో నిజం చెప్పగల మనిషి ఆవిడొక్కతే. అదీ వంటింట్లోంచే.

ఆ వేసవిలో నీళ్లు అరగంటకి పడిపోయాయి. మా బిందెలే నిండటం లేదని వాళ్లకి పొయ్యడం మానేశారు. లైనులో ఇద్దరు పిల్లలు గుంటల్లో నీళ్లు తాగి వాంతులతో పోయారు. మా అరుగు మీద ఆ సంగతి వచ్చింది. "శుభ్రత ఉండదండీ వాళ్లకి" అన్నాడు ఒకాయన. నీళ్లు లేకుండా శుభ్రత ఎలా ఉంటుందో ఆయన చెప్పలేదు. అందరూ తలలూపారు.

ఆ పిల్లలు పోయిన మూడోరోజు పొద్దున్నకి మేస్త్రి కుళాయికి పదడుగుల దూరంలో రెండు గోనెపట్టాలు కట్టి కింద కూర్చున్నాడు. కుళాయి అందరూ ముట్టుకునేదాకా అన్నం ముట్టనన్నాడు. నీళ్లు మాత్రం తాగుతాడట. అది కూడా ఆ కుళాయి నీళ్లే తాగుతాడట. తను కుళాయి ముట్టుకోడట, తన వాళ్లెవరూ ముట్టుకోరట.

"ఒద్దని సెప్పింది మీరే గదా బాబూ. అంచేత మీరే పొయ్యాలి" అన్నాడు మా నాన్నతో.

అదీ మెలిక. వీధంతా ఒక పూట ఆనందించింది, ఎవరూ పొయ్యక్కర్లేదు, సాయంత్రానికి వాడే లేచిపోతాడని. లేవలేదు. మర్నాడు పోలీసు స్టేషను నుంచి హెడ్డు కానిస్టేబులు వచ్చి, "దాహంతో చస్తే మీ అందరి మీదా కేసు రాస్తాను" అన్నాడు. అంతే, మహాశూరులందరూ అరుగులు దిగారు. ఇప్పుడు పొయ్యాలి. ఎవరు పొయ్యాలి? మగవాళ్లకి పరువు. ఆడవాళ్లకి మడి. ఆఖరికి మా నాన్నకి జ్ఞానోదయమైంది. "చిన్నపిల్లకి మైలేవిటి? అది పోసొచ్చి స్నానం చేస్తుంది" అన్నాడు. నాకు తొమ్మిదేళ్లు. రోజూ ఒక పిప్పరమెంటు బిళ్ల ఇస్తానన్నారు. నా ధర అంతే.

అలా మా ఇంటి రాగిచెంబుతో రోజూ పొద్దున్నా సాయంత్రం నేను వెళ్లి పైనుంచి పోసేదాన్ని. ఆయన దోసిలి పట్టి తాగేవాడు. "సాలు తల్లీ" అనేవాడు. ఒకరోజు నా కాలికి ముల్లు గుచ్చుకుని కుంటుతూ వెళ్తే, "ఇయ్యాల పరిగెట్టకు, నాకేటంత దాహం నేదు" అన్నాడు. నేను ఎన్నో క్లాసో అడిగాడు. ఎక్కాలు అప్పజెప్పమన్నాడు. పదమూడో ఎక్కం దగ్గర ఇద్దరం తడబడ్డాం.

ఎనిమిదో రోజుకి ఆయన కూర్చోలేకపోయాడు. దోసిలి నిలిచేది కాదు, నోట్లోనే పోసేదాన్ని. పెదాలు చిట్లి రక్తం గడ్డకట్టి ఉండేది. "నీళ్లు ఏవీ రుసి తెలీడం నేదమ్మా, ఇనుం నాకినట్టుంది" అన్నాడు. నేను ఇంటికొచ్చి స్నానం చేసి నాయనమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను. నాయనమ్మ చింతకాయ తొక్కు దంచుతోంది. రోకలి ఆపకుండానే, "ఒక్క గుక్క గంజి పడితే బతుకుతాడు, ముండాకొడుకు. ఎందుకా పంతం" అంది. ఆవిడ ఊరికే అంది. నేను ఊరికే వినలేదు.

మర్నాడు సాయంత్రం దాక మూత తీసి, గంజి మీద తేరిన తేట వంచి, సగం నీళ్లు కలిపి చెంబుతో తీసుకెళ్లాను. దాకలో తగ్గినంతా నీళ్లతో నింపి మూత పెట్టేశాను. వేసవిలో కుళాయి నీళ్లే బురదగా వచ్చేవి, రంగు తేడా తెలియలేదు. ఆయన కళ్లు మూసుకుని తాగాడు. అలా మూడు సాయంత్రాలు మూడు చెంబులు. మా నాన్న పంచె మెత్తబడి కాళ్లకి చుట్టుకోవడం మొదలెట్టింది. "ఏవిటే ఇదీ, తడిగుడ్డలా వేలాడుతోందీ?" అని అమ్మ మీద ఎగిరాడు. నాయనమ్మ దాక వైపు చూసి, నా వైపు చూసి, "ఎండలకి గంజి విరిగిపోతోందిరా" అంది.

మేస్త్రి కొంచెం తేరుకున్నాడు. లేచి కూర్చున్నాడు. నాకు ఆనందం పట్టలేదు. ఊరంతా చెయ్యలేనిది నేను చేశాననుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున్న వీధిలో హడావిడి. మునిసిపాలిటీ ఆఫీసరు వచ్చి అరుగు పెద్దల చేత కాగితం మీద సంతకాలు పెట్టించాడట. ఉదయం మేము, సాయంత్రం వాళ్లు, వాళ్ల చేత్తో వాళ్లే పట్టుకోవచ్చు. మా నాన్న కూడా పెట్టాడు, హెడ్డు పక్కనే లాఠీతో నిలబడ్డాడు కాబట్టి. పదింటికి నిమ్మరసం తాగించి దీక్ష ముగిస్తారు. మైకు కూడా తెచ్చారు. నేను పొద్దుటి నీళ్లకి వెళ్లేసరికి ఆయన మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉన్నాడు. పక్కన మేనల్లుడు ఉన్నాడు.

"ఇదే ఆకరి సెంబు తల్లీ. ఇంక నిన్ను తిప్పను" అన్నాడు.

నాకు కడుపులో ఆగలేదు. చెవి దగ్గర వంగి చెప్పేశాను. మీరు చచ్చిపోతారని మూడ్రోజుల్నుంచి గంజి పోశాను, అందుకే మీరు లేచి కూర్చున్నారు అని. మెచ్చుకుంటాడని చూశాను.

ఆయన నాలిక పెదాల మీద తిప్పుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నాను సచ్చిపోతానని బయమేసిందేటమ్మా?"

తలూపాను.

"జాలి నానడగనేదు తల్లీ. కొళాయి అడిగాను."

నాకు అర్థం కాలేదు. ఏదో తప్పు చేశానని మాత్రం తెలిసి ఏడుపొచ్చింది. "నీ తప్పు నేదు. ఇంటికెల్లు" అన్నాడు. నేను వెళ్లకుండా గోనెపట్టా వెనకే నిలబడ్డాను. మేనల్లుడు తల పట్టుకున్నాడు.

"మావా, నోర్మూసుకో. కాయితం మీద సంతకాలైపోనాయి. ఎవులికి తెలుసు? ఆ గుంట ఎవులికీ సెప్పదు. తాగెయ్, అయిపోద్ది."

"నాకు తెలుసు గదరా."

"మల్లీ మొదలెడితే సచ్చిపోతావు మావా!"

"ఆలు మనల్ని ఏటంటారు? అబద్దాలోలు, దొంగోలు అంటారు. ఇన్నాళ్లూ ఆ మాటకే గదా కూకున్నాను. ఇపుడు గంజి మింగి కొళాయి పట్టుకుంటే ఆ మాట నిజమైపోద్ది."

పదింటికి అందరూ వచ్చారు. ఆఫీసరు నిమ్మరసం గ్లాసు చేత్తో పట్టుకుని ఫొటో కోసం నిలబడ్డాడు. మేస్త్రి మైకు అందుకున్నాడు.

"బాబూ, అందరూ ఇనండి. నా దీచ్చ మూడ్రోజుల కిందటే ఇరిగిపోనాది. నాకు తెలీకుండా నా కడుపులోకి గంజెల్లింది. తెలీకపోయినా ఎల్లింది ఎల్లిందే. ఈ నిమ్మకాయ నీళ్లు నానిపుడు తాగకూడదు. ఇయ్యాల మల్లీ మొదటిరోజు."

ఆఫీసరు గ్లాసు దించేశాడు. తర్వాత మా నాన్న మొహం వెలిగిపోయింది. ఆయన జీవితంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు, నేను పుట్టినప్పుడు కూడా అంత ఉండి ఉండదు.

"చూశారా! నే చెప్తూనే ఉన్నానా? తిండి లేకుండా మనిషి ఇన్నాళ్లు బతుకుతాడుటండీ? దొంగ దీక్ష! దొంగ దీక్షకి మేం సంతకాలు పెట్టాలా?" అని కాగితం లాక్కుని నిలువునా చింపేశాడు. "ఎవడు పోశాడ్రా గంజి? చెప్పు!"

"సెప్పను బాబూ. పడ్డాది నా నోట్లో. నాదే బాద్దెత."

"చూశారా, వాళ్లలో వాళ్లే పోసుకున్నారు!"

నేను అక్కడే ఉన్నాను. ఆయన ఒక్కసారైనా నా వైపు చూడలేదు, చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను. ఇంటికెళ్లాక నాయనమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, "ఒక్క మాట బయటికొచ్చిందో, నీ బాబు తలెత్తుకోలేడు. మన గంజి వాడు తాగాడని తెలిస్తే రేపు నీకు సంబంధాలు రావు" అంది. నిజం చెప్పగల మనిషి కూడా అంతవరకే చెప్తుంది.

ఆయన మళ్లీ మొదటిరోజు నుంచి కూర్చున్నాడు. ఈసారి నన్ను పంపలేదు. కేసు భయానికి హెడ్డే ఒక కానిస్టేబులు చేత నీళ్లు పోయించాడు. పదిరోజులు దాటింది. మనిషి గోనెపట్టాకి అంటుకుపోయాడు. కాళ్లు ఉబ్బాయి. అరుగు మీద మాత్రం ఒకటే నవ్వులు, "ఏవండోయ్, ఇవాళ గంజా, జావా?" అని. అప్పుడు బొగ్గు గ్యాంగులన్నీ యార్డులో చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ఒకడూ నోరెత్తలేదు, ఒక రాయి విసరలేదు. రేవులో బొగ్గు ఓడ కదలకుండా మూడు రోజులు నిలబడిపోయింది. మనిషి చచ్చిపోతున్నా కదలని పోర్టు దొరలు ఓడ ఆగేసరికి ఉరుకులు పరుగుల మీద వచ్చారు. నాలుగో రోజుకల్లా కుళాయి పక్కన 'ఇది అందరిదీ' అని బోర్డు పాతారు. లైనులో ఒక ముసలమ్మ తన చేత్తో కుళాయి తిప్పి, గ్లాసులో పట్టి ఆయన చేత తాగించింది.

మరి మా వీధి మారిందా? భలేవారే. అప్పులు చేసి, మెళ్లో గొలుసులు తాకట్టు పెట్టి, వర్షాలు పడేలోగా ఇంటింటికీ సొంత కుళాయిలు వేయించుకున్నారు. వీధి కుళాయి దగ్గరికి మాలో ఒక్కరూ వెళ్లలేదు. వాళ్లు గెలిచారు, మేం ఆ గెలిచిన చోటునే వదిలేసి లోపలికొచ్చి తలుపులేసుకున్నాం. మా అమ్మకి ఇంక రెండు బిందెల జాలి కూడా అక్కర్లేకపోయింది.

ఇదీ జరిగింది. అయిదయింది. టీవీవాళ్లు వచ్చారు. బాబాయి కొడుకు నన్ను చెయ్యిపట్టి లేవదీసి మైకు ఇచ్చాడు. నేను గంజి సంగతి మొదలెట్టాను. మా నాన్న కాగితం చింపిన దాకా వచ్చేసరికి వాడు నవ్వుతూ మైకు లాగేసుకుని, "అక్క ఎమోషనల్ అయిపోనాది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వాడు నా చెవిలో, "అదేటక్కా, గంజి గింజీ అంటే పబ్లిక్ తప్పుగా తీసుకుంటారు. పెద్దనాన్న పరువేటి కాను? నీళ్లు పోసానని సెప్పు, సాలు" అన్నాడు. వెనక్కి తిరిగి కెమెరా అబ్బాయితో ఆ ముక్క కోసెయ్యమన్నాడు. దీక్షాపరులు నిమ్మరసం తాగి, మీసాలు తుడుచుకుని, రాత్రికి బిర్యానీ ఎక్కడో మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పులు వేసుకుని బస్సెక్కాను.

బస్సులో కూర్చున్నాక అనిపించింది, వాడు మైకు లాక్కోకపోయినా నేను పూర్తిగా చెప్పేదాన్ని కాదని. మా నాన్నని ఎంతైనా తిట్టగలను. బాబాయిని, అరుగుని, ఫ్లెక్సీని, అందర్నీ. దానికి నాకు నోరు బాగానే ఉంది. చెప్పలేనిది ఒకటుంది.

ఆ దీక్ష తర్వాత ఆయన పూర్తిగా కోలుకోలేదు. ఉబ్బిన కాళ్లతో, కర్ర పోటేసుకుంటూ నడిచేవాడు. అలాగే వెళ్లి మంగలిషాపు ముందు కూర్చున్నాడు, హోటలు బెంచీ కోసం కూర్చున్నాడు, బడిలో పిల్లల్ని వెనక నేల మీద కూర్చోబెడుతున్నారని బడి ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కటే గెలిచాడు. కానీ మా వీధి ఆయనకి ఒక పేరు పెట్టింది, గంజిదొంగ అని. పెద్దవాళ్లు అరుగు మీద నవ్వుకుంటూ అనేవాళ్లు. పిల్లలు రోడ్డు మీద అరిచేవాళ్లు. ఎన్నేళ్లు బతికాడో అన్నేళ్లూ ఆ పేరుతోనే బతికాడు. నేనే పోశానని ఒక్కమాట ఎవరికైనా చెప్పి ఉంటే, ఆ పేరు పోయేది. ఆయనా చెప్పలేదు.

ఆ ఏడాది వర్షాల్లో ఒక మధ్యాహ్నం బడి వదిలాక మేం పదిమంది పిల్లలం వస్తున్నాం. ఆయన ఎదురుగా వస్తున్నాడు. బురదలో కర్ర దిగబడి నెమ్మదిగా నడుస్తున్నాడు. పిల్లలు అందుకున్నారు. "గంజిదొంగా! గంజిదొంగా!" నేను ఒక్కదాన్నే మాట్లాడకుండా ఉన్నాను. మా పక్కింటి పిల్ల నన్ను మోచేత్తో పొడిచి, "నువ్వు అనవేం?" అంది.

అన్నాను.

ఆయన నా గొంతు గుర్తుపట్టాడు. ఆగి, తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా ఏమీ చూడలేదు. కాలి ముల్లు తగ్గిందా అని అడగబోయేవాడిలా చూశాడు. పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు.

నేను ఇంకా గట్టిగా అరిచాను.